ఎడమ పేజీ

పందొమ్మిదేళ్లుగా స్టాఫు రూములో ఒకే బల్లకి అటు ఆయన, ఇటు నేను. ఆయన చెప్పేది భౌతికశాస్త్రం, నేను చెప్పేది లెక్కలు. బల్ల మధ్యలో నిలువునా ఒక పగులుంది. దానికి అటంతా సుద్దముక్కలు, పాత టైరు ముక్కలు, స్ప్రింగు త్రాసులు, గోలీలు, తాళ్లు. ఇటు నా డబ్బా పెట్టుకోవడానికి జానెడు చోటు. ఆయన సామాను రోజూ పగులు దాటి నా వైపు వచ్చేది, నేను రోజూ అటు నెట్టేదాన్ని. ఆయన మీద నాకున్న కోపాల్లో అది అన్నిటికన్నా చిన్నది.

పిల్లలు ఆయన్ని గీతల మాస్టారు అంటారు. స్కేలు లేకుండా నల్లబల్ల ఈ చివర నుంచి ఆ చివరికి గీత లాగితే, దారం పట్టి చూసినా వంకర దొరకదు. కదిలేది ఏది కనబడినా ఆయన చేతిలో అది గీత అయిపోవాల్సిందే. బస్సెక్కితే టికెట్టు వెనక గ్రాఫు. ఇంట్లో వాళ్లావిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ గుడ్డ కత్తిరించే బల్ల మీద జేబు కొలతల పక్కనే ఈయన వేగం, కాలం అక్షాలు గీసేసేవారు. ఒకసారి ఆవిడ పొరపాటున ఆయన గీత వెంబడే కత్తెర పోనిచ్చింది. ఎవరి పిల్లాడో ఒక నెలపాటు ఒక కాలు వాలుగా ఉన్న నిక్కరుతో తిరిగాడు. "మా ఆయన త్వరణం చలవ" అని ఆవిడే చెప్పి నవ్వేది. ఇప్పుడు ఆ ఇంట్లో నవ్వులు లేవు.

పాఠం ఆయన చెప్పినట్టు చెప్పేవాళ్లని నేను మళ్లీ చూడలేదు, ఈ మాట ఎంత కోపంలోనైనా ఒప్పుకుంటాను. వరండాలో రెండేసి మీటర్లకి ఒక పిల్లని నిలబెట్టి, ఒకణ్ణి నడిపించేవారు. వాడు ఎదురుగా రాగానే ఆ పిల్ల చప్పట్లు కొట్టాలి, గడియారం పట్టుకున్నవాడు సెకన్లు అరవాలి. తర్వాత అందరూ లోపలికెళ్లి దూరం–కాలం గ్రాఫు గీయాలి.

"గీత అడ్డంగా పోతే?"

"ఆగాడు సార్!"

"నిటారుగా లేస్తే?"

"పరిగెత్తాడు సార్!"

ఎన్నో ఏళ్ల కిందట ఒక పిల్లాడు మాత్రం ఆ గ్రాఫు చూసి లేచి నిలబడి, "వాడు కొండెక్కాడు సార్. పైన కాసేపు కూర్చున్నాడు. మళ్లీ దిగాడు" అన్నాడు. తరగతి మొత్తం పొట్ట పట్టుకుని నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. ఆ పూట నుంచి వాడి పేరు కొండ. వాడు బడి వదిలిపోయాక కూడా, గ్రాఫంటే బొమ్మ కాదురా అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాస్టారు ఏటేటా కొండ కథ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ వాడు ఇంకాస్త మొద్దుగా తయారయ్యేవాడు. నిజం చెప్పాలంటే వాడు మరీ అంత మొద్దు కాదు. హోంవర్కు చెయ్యకుండా రోజుకో సాకు చెప్పేవాడు, అంతే. చివరికి సైన్సు తప్పి, బేకరీలో రొట్టెల వ్యాను డ్రైవరుగా చేరాడు.

ఆయనకి ఇంకో పద్ధతి ఉంది. ఈ కథంతా దాని మీదే నడిచింది గనక సరిగ్గా చెప్పాలి. ప్రయోగాల నోటుబుక్కు తెరిస్తే ఎడమ పేజీ కంటిది, కుడి పేజీ బుర్రది అనేవారు. ముందు ఎడమ పేజీలో చూసినదంతా రాయాలి. గాలి వీస్తే గాలి, కుక్క అడ్డం వస్తే కుక్క. అది నిండాకే కుడి పేజీలో కొలతలు, గ్రాఫు, లెక్క. "చూడకుండా వేసేది కాకిలెక్కరా" అని రోజుకి నాలుగుసార్లు వినబడేది. కాని ఏళ్లు గడిచేకొద్దీ ఆయనకే విసుగొచ్చింది. పిల్లలు ఎడమ పేజీని సీతాకోకచిలకలతో నింపుతున్నారని సణుగుతూ, ఎర్ర కలంతో అడ్డంగా కొట్టేయడం నేనే చూశాను. ఎదురుగా కూర్చున్న మనిషిని, చూడక ఏం చేస్తాను?

నిరుడు బడి తెరిచిన కొత్తలో కొండ వ్యాను ఒక పెద్దాయన్ని గుద్దింది. గొడుగులు బాగుచేస్తూ వీధి వీధి తిరిగే మనిషి. రోడ్డు దాటుతున్నాడు. పడటం పడటమే తల రాతి అంచుకి తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కొండ పారిపోలేదు. ఆ పెద్దాయన తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట. నలభైలోనే వస్తున్నానని, బ్రేకు వేశానని, బండి ఆగలేదని అడిగినవాళ్లందరికీ చెప్పాడు. ఆ రోడ్డు మీద హద్దు కూడా నలభయ్యే.

విచారణాధికారి మా బడికి వచ్చాడు. వాళ్ల నిపుణుడు వేరే ఊళ్లో ఉంటాడు, రావాలంటే నెల పడుతుంది.

"టైరు గుర్తుల్ని బట్టి బండి స్పీడు చెప్పొచ్చంటారు కదా మాస్టారూ. మీవల్ల అవుతుందా?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆయన్నని ఏం లాభం? పందొమ్మిదేళ్లు గోలీలతో, బొమ్మకార్లతో గీతలు గీసిన మనిషిని మొదటిసారి ఒకళ్లు వచ్చి, మీ గీత మాకు నిజంగా కావాలి అన్నారు. ఎవరికి మాత్రం ఉబ్బు రాదు?

ప్రమాదం జరిగిన మూడో రోజున పెద్ద తరగతి పిల్లలు నలభై ఒక్కమందినీ వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లారు. నాకు ఆ పీరియడు ఖాళీ, నేనూ వెళ్లాను. టైరు ఈడ్చుకుపోయిన గుర్తుల వెంబడి అధికారి మనుషులు ప్రమాదమైన గంటలోనే తెల్లరంగు వేసి పెట్టారు. మొదలు నుంచి చివరిదాకా ఇరవై రెండు మీటర్లు. పదహారో మీటరు దగ్గర ఒక అడ్డగీత, ఆ పెద్దాయన నిలబడిన చోటు. మాస్టారు సగం టైరులో సిమెంటు పోసి ఒక బండ తయారుచేశారు, సరిగ్గా ఇరవై కిలోలు. దానికి కొక్కెం తగిలించి స్ప్రింగు త్రాసుతో రోడ్డు మీద లాగించారు. ముల్లు పద్నాలుగు కిలోల దగ్గర నిలిచింది. పదిమంది చేత పదిసార్లు లాగించారు. పదిసార్లూ పద్నాలుగే.

"ఇరవైకి పద్నాలుగు. అంటే ఘర్షణ బండి బరువులో పదింట ఏడు వంతులు. పుస్తకంలో చూసి రాయలేదు, మనం కొలిచాం. ఇదిరా సైన్సంటే!" అన్నారు.

తరగతికి తిరిగొచ్చి నల్లబల్ల నిండా వేగం–కాలం గ్రాఫు గీశారు. పై నుంచి కిందికి ఏటవాలుగా దిగి సున్నా దగ్గర ఆగే గీత. ఆ గీత కింద ఉన్న త్రికోణం వైశాల్యమే ఇరవై రెండు మీటర్లు. వాలు ఘర్షణ నుంచి వచ్చింది. ఇక గీత ఎంత ఎత్తు నుంచి బయల్దేరిందో కనుక్కోవడమే పని. నలభై ఒక్కమందికీ ఒకటే జవాబు. గంటకి అరవై రెండు కిలోమీటర్లు.

నన్ను పిలిచి కాగితం చేతికిచ్చారు. నేను వర్గమూలం ఇంకోసారి తీసి చూసి, "లెక్క రైటే" అన్నాను. కింద ఆయన సంతకం, దాని కింద నాది. ఈ లోకంలో నేను పెట్టిన సంతకాల్లో ఒక్కటి చెరిపెయ్యమంటే అదే చెరిపేస్తాను.

వారం తిరక్కుండానే కొండ భార్య బడికి వచ్చింది. ఆమె కూడా అదే బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది, మోచేతుల దాకా పిండి ఇంకా ఆరలేదు. స్టాఫు రూము గుమ్మంలోనే నిలబడింది.

"మాస్టారూ, మా ఆయన స్పీడుగా నడపడండీ. నడపలేడు. వెనకాల ట్రేల్లో కేకులుంటాయి కదండీ. నలభై దాటితే మలుపులో దొర్లిపోతాయి. దొర్లినవి ఇంటికి తెచ్చుకోవాల్సిందే. ఈ ఏడాదిలో మా ఇంట్లో కేకు తిన్నది రెండుసార్లేనండీ."

నాకు ఆ మాట చురుక్కున తగిలింది. ఇంతకన్నా మంచి కొలత ఏముంటుంది? మాస్టారి వైపు చూశాను. ఆయన జాలిగా తల ఊపారు.

"అమ్మా, నీ బాధ నాకు తెలుసు. కాని మనుషులు అబద్ధం చెప్తారు గాని గీతలు చెప్పవు. మీ ఆయన నా దగ్గరే చదువుకున్నాడు. వాడు చెప్పే సాకులు నాకు కొత్తా?"

"బండి జారిందన్నాడండీ. బ్రేకు తొక్కితే బండి జారిందని..."

"బ్రేకు తొక్కితే ఏ బండైనా జారుతుందమ్మా. ఎంత జారిందన్నదే లెక్క."

ఆమె నా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి టీచరుగారూ."

నేను నీళ్లు నమిలాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఎదురుగా ఉన్నాడని సరిపెట్టుకున్నాను. అసలు సంగతేమిటంటే, కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. గుమ్మం మీద కాస్త పిండి రాలితే ఆయా తిట్టుకుంటూ ఊడ్చింది.

కోర్టులో కొండ మొదట నలభై అనే చెప్పాడు. తర్వాత మాస్టారి గ్రాఫు పెద్ద అట్ట మీద అతికించి చూపించారు. వాడు దాని వంక చాలాసేపు చూశాడట. చూసి, "మాస్టారు అంత అన్నారంటే అంతే అయ్యుంటుంది. మా బండి స్పీడు ముల్లు మొదట్నించీ తిక్కదే. నాదే తప్పు" అని ఒప్పేసుకున్నాడు. రెండున్నరేళ్ల శిక్ష పడింది. ఇక జన్మలో బండి తోలకూడదన్నారు.

ఆ సాయంత్రం మాస్టారు మొహం వేలాడేసుకుని స్టాఫు రూముకి వచ్చారు. ఇద్దరమే ఉన్నాం. కాసేపటికి, "ఏదైతేనేం టీచరమ్మా, ఆఖరికి వాడికి గ్రాఫు అర్థమైంది" అన్నారు. ఆ గొంతులో బాధ ఉంది. దాని అడుగున రవ్వంత గర్వం కూడా ఉంది. పందొమ్మిదేళ్లు విన్న గొంతు, నేను పోల్చుకోలేనా?

ఏడు నెలలు గడిచాయి. పరీక్షలైపోయాయి. పాత నోటుబుక్కులు చిత్తుకాగితాల వాడికి వేసేముందు, వాడని పేజీలు చింపి దాచుకోవడం నా అలవాటు. అలా చింపుతూ ఒక పుస్తకం దగ్గర ఆగిపోయాను. అది వెనక బెంచీలో కూర్చునే ఒక నోరులేని పిల్లది. ఏడాది మొత్తంలో ఆ పిల్ల గొంతు నేను విన్నది హాజరు పలికేటప్పుడే. ఎడమ పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుంది:

"కట్టే ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. రోడ్డు వైపు సగం పార పెట్టి తీసేసినట్టు ఉంది. రోడ్డు మీద చీపురు గీతలు ఉన్నాయి. తెల్లరంగులో ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. పక్కన ఎక్కడా ఇసుక లేదు."

దాని మీద ఏటవాలుగా ఎర్ర గీత. స్కేలు లేకుండా గీసిన గీత, దారం పట్టి చూసినా వంకర దొరకదు. పక్కన ఆయన రాత: "లెక్కకు అనవసరం."

నేను రెండుసార్లు చదివాను. రంగులో ఇసుక అంటుకుందంటే రంగు వేసేటప్పటికి రోడ్డు మీద ఇసుక ఉంది. మేం టైరు బండ లాగేటప్పటికి లేదు. మధ్యలో ఎవరో ఊడ్చారు.

పుస్తకం తీసుకెళ్లి పగులుకి అటు వైపు పెట్టాను. ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. లేచి, ఆ పిల్ల ఇంటికి దారి అడుగుతూ బయల్దేరారు. నేనూ వెనకే వెళ్లాను. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని చెల్లెలికి జడ వేస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచింది.

"ఇసుక చూశావు కదమ్మా. మరి ఆ రోజే నాకెందుకు చెప్పలేదు?"

"రాశాను కదా సార్" అంది ఆ పిల్ల.

అంతకన్నా ఏమనాలి పాపం? చెంప మీద కొట్టినా మాస్టారి మొహం అలా అయ్యేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆ రోడ్డుకి వెళ్లాం. ఇల్లు పూర్తయిపోయింది. మేడ మీద పూలకుండీలు కూడా పెట్టారు. తెల్లరంగు చాలావరకు చెరిగింది. మిగిలిన చోట మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని గోటితో గీకారు. రంగు పెళ్లతో పాటు ఇసుక రాలింది. ఇంటాయన తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

"ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉండేదా బాబూ, ఆ రోజుల్లో?"

"కొంచెం పడి ఉంటుందండీ. కట్టుబడి అన్నాక పడదా? పిల్లలు జారిపడతారని నేనే ఊడ్పించేశాను."

"ఎప్పుడు ఊడ్పించారు? ప్రమాదానికి ముందా, తర్వాతా?"

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఎప్పటి మాటో అండీ, ఎవరికి గుర్తుంటుంది?" అని తలుపేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

మాస్టారు సంచిలో ఇసుక తెచ్చారు. రోడ్డు అంచున పలచగా పరిచారు. బడి నుంచి రిక్షాలో వేసుకొచ్చిన టైరు బండని దాని మీద పెట్టి లాగారు. పద్నాలుగు కిలోల దగ్గర నిలిచిన ముల్లు ఆరు దగ్గరే నిలిచిపోయింది. మళ్లీ లాగారు, ఆరే. నన్ను లాగమన్నారు. నాకూ ఆరే వచ్చింది. బండ నీళ్ల మీద పోయినట్టు పోతోంది. నేను కాగితం తీసి అక్కడే నిలబడి లెక్క వేశాను. గంటకి నలభై ఒకటి.

"ఒక్కటే ఎక్కువ" అన్నాను.

"ముల్లు కాస్త తిక్కదన్నాడు కదా" అన్నారు మాస్టారు. అని రోడ్డు అంచున కూలబడిపోయారు. సైకిలు మీద పోయేవాళ్లు ఆగి, మంచినీళ్లు కావాలా అని అడిగారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ నెలంతా చూశాను. మాస్టారు కొత్త గ్రాఫు, పిల్ల నోటుబుక్కు, రంగు పెళ్లలు ఒక పొట్లం, అన్నీ పట్టుకుని విచారణ కార్యాలయానికి వెళ్లారు. అదే అధికారి. కూర్చోమన్నాడు, ఓపిగ్గానే విన్నాడు.

"మొదటి లెక్క తప్పని మీరే అంటున్నారు. రెండోది రైటని నేనెలా నమ్మాలి మాస్టారూ? రేపు మూడోది తెస్తే?"

"ఇసుక నేను చూడలేదండీ."

"మీరు చూడలేదు, రంగు వేసిన మావాళ్లూ ఇంటాయనా గుర్తులేదంటున్నారు, డ్రైవరు తనే ఒప్పుకున్నాడు. ఇక నేను ఎవర్ని అడగను, ఇసుకనా?"

గుమస్తా కాగితాలకి దారం కట్టి బీరువాలో పెట్టాడు. జవాబు వస్తుందన్నాడు, రాలేదు. వకీలు దగ్గరికి వెళ్తే, తప్పు ఒప్పుకున్నవాడి కేసు తిరగదోడటం గగనమని, ప్రయత్నిస్తానని, అది తేలేలోపు శిక్షే పూర్తయినా ఆశ్చర్యం లేదని చెప్పాడు. మాస్టారు రోజూ బడి వదలగానే కార్యాలయానికి వెళ్లి వరండా బెంచీ మీద కూర్చునేవారు. గేటు మూసేసే వేళకి ఇంటికి పోయేవారు. అన్నం కంచం ముందు కూర్చుని వేలితో గీతలు గీస్తున్నారని వాళ్లావిడ నా దగ్గర ఏడ్చింది.

"ఆయన్ని తిట్టండి వదినా. మీరు తిడితే తింటారేమో" అంది.

తిట్టడానికి నాకు నోరెక్కడిది?

ఆ తర్వాత ఒక ఆదివారం ఇద్దరం జైలుకి వెళ్లాం. పొడుగాటి గది, మధ్యలో బల్ల, బల్ల మధ్యలో మెడ ఎత్తుకి ఇనుప జాలీ. కొండ వచ్చి అటు వైపు కూర్చున్నాడు. చిక్కిపోయాడు. మాస్టార్ని చూడగానే లేచి నిలబడ్డాడు, తరగతిలో నిలబడినట్టు.

"కూర్చోరా" అన్నారు మాస్టారు. మొత్తం చెప్పారు. ఏదీ దాచలేదు. ఎర్ర కలంతో కొట్టేసిన సంగతి కూడా చెప్పారు. నేను సంతకం సంగతి చెప్పాను. కొండ అడ్డురాకుండా విన్నాడు. తర్వాత బల్ల మీద వేలితో ఒక గీత గీశాడు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి.

"ఇదే కదా సార్, కోర్టులో చూపించింది?"

"అదే."

"ఇది కొండ దిగడం కాదు కదా సార్. ఆగడం."

"ఆగడమేరా."

"ఇసుక లేకపోతే ఎంతలో ఆగేవాణ్ణి?"

మాస్టారు కళ్లు మూసుకుని చెప్పారు. "తొమ్మిదిన్నర మీటర్లలో."

"పెద్దాయన ఎంత దూరంలో ఉన్నాడు?"

"పదహారు."

కొండ లోపల్లోపలే తీసివేత వేసుకున్నాడు, పెదవులు కదిలాయి. తర్వాత తల బల్లకి ఆనించి ఏడ్చాడు. కాపలా మనిషి కూడా ఒక నిమిషం అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎనిమిది నెలల్నించీ పడుకుంటే ఆయన తల నా ఒళ్లోనే ఉంటోంది సార్. నేనే చంపాను, అరవైలో పోయి చంపాను అనుకుంటున్నాను. ముల్లు నలభై చూపించింది, నా కళ్లతో నేనే చూశాను. కాని మీరు అరవై రెండన్నారు. మీకంటే నా కళ్లు ఎక్కువా అనుకున్నాను."

మాస్టారు జాలీ మీద చెయ్యి పెట్టారు.

వేళ అయిపోయిందన్నారు. కొండ మొహం తుడుచుకుని లేచాడు.

"ఒక్క పని చెయ్యండి సార్. మా ఆవిడకి చెప్పండి. ఒక్కతే నా పక్షాన నిలబడింది. నేను ఒప్పేసుకున్నాక, తనకీ అబద్ధమే చెప్పానని రావడం మానేసింది. నేను చెప్పింది నిజమేనని చెప్పండి."

జైలు నుంచి నేరుగా బేకరీకి వెళ్లాం. ఆమె వెనక గదిలో ట్రేలలో పిండి ముద్దలు వరసగా పెడుతోంది. మమ్మల్ని చూసింది, చెయ్యి ఆపలేదు. మాస్టారు నిలబడే చెప్పారు. ఇసుక, రంగు, త్రాసు, నలభై ఒకటి. చివరికి, "మీ ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. నేనే చూసుకోలేదు" అన్నారు.

ఆమె ముద్ద వెనక ముద్ద పెడుతూ వరస పూర్తి చేసింది.

"ట్రేలు దొర్లిపోతాయని ఆ రోజే చెప్పాను కదండీ."

"చెప్పావమ్మా."

"చెప్పి ఏం లాభం? ఆఖరికి నేనూ మీ లెక్కే నమ్మాను. పదకొండేళ్లు కాపురం చేసిన మనిషిని నమ్మలేదు. ఆయన ఉత్తరాలు రాస్తే విప్పకుండా పొయ్యిలో పడేశాను." పొయ్యి వైపు చూపించింది. ఎర్రగా మండుతోంది. "ఇంకా ఎన్నాళ్లు లోపల?"

"ఇరవై రెండు నెలలు."

"అదైనా సరిగ్గా లెక్కపెట్టారా?"

"పెట్టాను" అన్నారు మాస్టారు.

ఆమె నా వైపు తిరిగింది. "మీరూ చూశారా టీచరుగారూ?"

"చూశాను" అన్నాను.

ఆమె తల ఊపి, ట్రే ఎత్తి పొయ్యిలో పెట్టి, తలుపు మూసింది.